టాంకీ ఊపిరి

టేకులపల్లిలో ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. బండి అతని సొంతం. పాతదే అయినా మాట వినే బండి. తోడుగా పక్క తండా నుంచి వచ్చే పంతొమ్మిదేళ్ల క్లీనరు కుర్రాడు. టైరు నట్లు బిగించడం దగ్గర్నుంచి లోడు మీద తాడు ముడి వేయడం దాకా చేతిలో పనితనం ఉన్నవాడు. ఒక్క ఎండాకాలంలో ఆ డ్రైవరు బండిని సగం పాడుచేసుకున్నాడు, కుర్రాణ్ని పోగొట్టుకున్నంత పని చేశాడు. రెండింటికీ మూలం చిటికెన వేలు దూరేంత ఒక బెజ్జం. అది ఎక్కడుందో, దాన్ని ఏం చేయాలో తెలుసుకోవడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది.

ఇల్లందు నుంచి కొత్తగూడెం పోయే దారిలో ఉంది టేకులపల్లి. పేరులో ఉన్న టేకు చుట్టూ అడవిలోనూ ఉంది. అడవి అంచున కోయ గూడేలు, లంబాడా తండాలు. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టేదాకా ఇదంతా ఖమ్మం జిల్లా. ఇల్లందును పెద్దవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడ బొగ్గు పొరను గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఇప్పుడు టేకులపల్లి మండలంలోనే కోయగూడెం ఓపెన్‌కాస్ట్ ఉంది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద నల్ల దుమ్ము లేస్తుంది, చేలలోకి దిగే బండ్ల బాట మీద ఎర్ర దుమ్ము. మన డ్రైవరు బండి ఈ రెండు దుమ్ముల్లోనూ తిరిగేది. మిర్చి కాలంలో ఖమ్మం మార్కెట్‌కు బస్తాలు, మిగతా రోజుల్లో సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర.

కొత్త జిల్లా వచ్చిన తర్వాతి ఎండాకాలంలో బండికి జబ్బు మొదలైంది. లోడుతో చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఇంజను మూలిగేది. సైలెన్సరు నల్లపొగ కక్కేది. డీజిల్ ఫిల్టరు విప్పి చూస్తే మూసుకుపోయి ఉంది. కొత్తది వేస్తే రెండు వారాలు బాగుండి మళ్లీ అదే గోల. పంపు విప్పించాడు, నాజిళ్లు మార్పించాడు. బిల్లు చూసి భార్య ముఖం చిన్నబుచ్చుకుంటే అతనికి అన్నం సయించలేదు.

‘డీజిల్లోనే ఏదో ఉంది’ అనుకున్నాడు. బంకు మార్చాడు. మార్చిన బంకులోనూ నమ్మకం కుదరక, గరాటుకు రెండు మడతల పలుచని గుడ్డ కట్టి, టాంకీలోకి పోసే ప్రతి చుక్కనూ వడకట్టాడు. గుడ్డ మీద ఏమీ మిగల్లేదు. అయినా రెండు వారాలకు ఫిల్టరు మూసుకుపోయింది. చివరికి టాంకీ అడుగు బిరడా విప్పి కడిగిస్తే గుప్పెడు బురద వచ్చింది. కొంత ఎరుపు, కొంత నలుపు. బంకువాళ్లకు చూపించాలని ఆ బురదను ఒక సీసాలో పోసి సీటు కింద దాచాడు.

ఒక రోజు ఆరు చోట్ల ఆగిన బండిని నెట్టుకుంటూ తెచ్చి, ఒళ్లు హూనమై టీ కొట్టు దగ్గర కూలబడ్డాడు. పక్కన కూర్చున్న ఇంకో డ్రైవరు మెల్లగా అన్నాడు.

“నీ క్లీనరు మీద ఓ కన్నేసి ఉంచు. రాత్రిపూట డీజిల్ తీసి అమ్ముకొని కిరసనాయిలు పోస్తున్నడేమో. కిరసనాయిలుకు నాజిళ్లు తట్టుకోవు.”

పొద్దున అయితే ఆ మాటకు నవ్వి ఊరుకునేవాడు. ఆ సాయంత్రం అది నేరుగా గుండెలోకి దిగింది. రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు. కుర్రాడు నాలుగు రోజుల కిందట కొత్త చొక్కా తొడుక్కున్నాడు. ఫోనులో ఎవరితోనో తండా భాషలో మాట్లాడుతూ నవ్వాడు. ఒక్కొక్కటే గుర్తొచ్చి, ప్రతిదీ సాక్ష్యంలా కనపడింది.

తెల్లారి కుర్రాడు రాగానే అన్నాడు: “రేపటి నుంచి రాకు. ఎందుకని అడగకు. నీకే తెలుసు.”

కుర్రాడు కాసేపు నిలబడ్డాడు. చేతిలోని వీల్ స్పానర్‌ను తుడిచి టూల్ డబ్బాలో పెట్టాడు. “అన్నా, పోయే ముందర ఒక్క మాట. టాంకీ నెత్తిన ఉన్న గొట్టం చూడు. నేను మొన్నటి సంది చెబుదామనుకుంటున్న...”

“నీ మాటలు నాకక్కర్లేదు.”

కుర్రాడు వెళ్లిపోయాడు. ఇంకో డ్రైవరు గుసగుసకు తెరుచుకున్న చెవి, రెండేళ్లు అన్నం పంచుకున్న పిల్లవాడి మాటకు మూసుకుంది.

మూడు వారాలు గడిచాయి. కుర్రాడు లేడు, కిరసనాయిలు అనుమానమూ లేదు. ఫిల్టరు మాత్రం మళ్లీ మూసుకుపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, టాంకీ నెత్తిన గొట్టం.

ఎక్కి చూశాడు. కొన్ని బండ్లకు టాంకీ మూతలోనే గాలి బెజ్జం ఉంటుంది. ఈ బండికి టాంకీ పైన వేలెడంత ఇనుప గొట్టం, దానికి తొడిగిన రబ్బరు పైపు. మెకానిక్కులు బ్రీదర్ అంటారు. ఆ పైపు కిందికి వంగి, ముందు చక్రం లేపే దుమ్ము నేరుగా తగిలే చోట నోరు తెరుచుకొని వేలాడుతోంది. పెదవుల చుట్టూ ఎర్రగా, నల్లగా దుమ్ము కరుడుకట్టి ఉంది. వేలు పెట్టి తీస్తే లోపల కూడా అంతే.

దొంగ దొరికాడని అతనికి కోపమూ సంబరమూ కలిసి వచ్చాయి. వేపపుల్ల విరిచి, గుడ్డ చుట్టి, ఆ పైపు నోట్లో గట్టిగా కొట్టాడు. టాంకీ మూతకు కూడా పాత ట్యూబు ముక్క కోసి కొత్త వాషరు వేశాడు. ‘ఇంక యాడ నుంచి వస్తవో రా’ అన్నాడు దుమ్ముతో.

మర్నాడు కొత్తగూడెంలో టాంకీ అంచుదాకా డీజిల్ కొట్టించి, జామాయిల్ లోడుతో సారపాక బయలుదేరాడు. పాల్వంచ దాటేదాకా బండి హాయిగా నడిచింది. బూర్గంపాడు వైపు అడవి దారిలో, చీకటి పడుతుండగా, ఇంజను రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది.

ఎయిర్ పట్టిందనుకున్నాడు. స్క్రూ వదులు చేసి హ్యాండ్ పంపు కొట్టాడు. డీజిల్ రాలేదు. తోడు పట్టుకోవడానికి కూడా మనిషి లేడు. టార్చి పళ్లతో కరుచుకొని అరగంట తంటాలు పడ్డాడు. ఆఖరికి డీజిల్ ఎంతుందో చూద్దామని టాంకీ మూత తిప్పాడు. బుస్సుమని పాములా చప్పుడు చేస్తూ గాలి లోపలికి పోయింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ పంపు కొట్టాడు. ఈసారి డీజిల్ వచ్చింది, ఇంజను అందుకుంది.

ఆ రాత్రి సారపాక చేరాడు కానీ, ఆ బుస చెవిలోనే ఉండిపోయింది.

ఊళ్లో ఒక తాత ఉన్నాడు. వయసంతా ఇల్లందు బొగ్గుబాయిలో దిగి ఎక్కినవాడు. తట్ట, చెమ్మస్‌లతో బొగ్గు ఎత్తిన చేతులు. ఇప్పుడు వాకిట్లో నులక మంచం మీద దగ్గుతూ కూర్చుంటాడు. డ్రైవరు జరిగిందంతా చెప్పుకొచ్చాడు. తాత అంతా విని, ఇంట్లోంచి కొత్త నూనె డబ్బా తెప్పించాడు. మేకుతో మూత మీద ఒక బెజ్జం కొట్టాడు.

“వంచు బిడ్డా.”

వంచితే నూనె ఒక దార కట్టి, తెగి, గుడగుడమని మళ్లీ వచ్చి, మళ్లీ తెగింది. తాత అవతలి అంచున రెండో బెజ్జం కొట్టాడు. ఇప్పుడు నూనె దారంలా, చప్పుడు లేకుండా జారింది.

“ఒక బెజ్జంలకెల్లి నూనె పోతది, ఇంకో బెజ్జంలకెల్లి గాలి వస్తది. ఎంత నూనె పోతే అంత గాలి రావాలె. నీ టాంకీ కూడా ఇంతే. లీటరు డీజిల్ ఇంజను తాగితే, లీటరు గాలి టాంకీల చేరాలె. నువ్వు దాని ముక్కు మూసినవు. పంపు లాగుతా ఉంటే లోపల గాలి పలచబడ్డది. ఆఖరికి పంపు ఓడిపోయింది. అంచుదాకా పోసినవు గదా, లోపల గాలికి చోటే లేదు, అందుకే అంత తొందరగ ఆగింది. సగం టాంకీ అయితే ఇంకా చానా దూరం పోయేది, నీకు సంగతి తెలిసేది కాదు.”

“మరి తెరిచి ఉంచితే దుమ్ము లోపలికి పోతుంది గదా తాతా?”

“ఆ బురద దాచిపెట్టిన అన్నవు. తే చూద్దాం.”

సీసా తెచ్చాడు. తాత కొంచెం అరచేతిలో వేసుకొని రెండు వేళ్ల మధ్య నలిపాడు. ఏళ్ల తరబడి నేలలోపలి పొరలు చూసిన వేళ్లు అవి.

“నల్లది బొగ్గు, మెత్తగ నలుగుతాంది. ఎర్రది ఇసుకమన్ను, గరగరలాడుతాంది. బొగ్గు కంటే ఇదే నీ పంపును తిన్నది. ఇసుక ఇనుమును కోస్తది. ఇప్పుడు చెప్పు, బంకు టాంకీ భూమిల పూడ్చి ఉంటది. మన జామాయిల్ చేల ఎర్రమన్ను అండ్లకు ఎట్ల పోతది? సరే, పిల్లగాడు కిరసనాయిలు పోసిండే అనుకో. కిరసనాయిలుల మన్ను ఉంటదా?”

డ్రైవరు తల దించుకున్నాడు. సాక్ష్యం ఇన్నాళ్లుగా అతని సీటు కిందే ఉంది. దాన్ని ఇతరులకు చూపించడానికి దాచాడే తప్ప, తాను ఒక్కసారి చూడలేదు.

తాత దగ్గు ఆపుకుని మళ్లీ అన్నాడు. “నా చిన్నతనంల ఊళ్లల్ల నారికురుపులు ఉండేటియి. దిగుడుబావి నీళ్లల్ల కంటికి కనపడని పురుగు. తాగితే ఏడాదికి కాల్లకెల్లి తాడోలె బయటికొచ్చేది. నీళ్లు తాగుడు బందు చెయ్యమని ఎవ్వరనలే. బిందె మూతికి గుడ్డ కట్టి వడబోసుకొని తాగమన్నరు. నీ టాంకీకి చెయ్యాల్సింది గూడ అంతే. ముక్కు ముయ్యకు. గుడ్డ కట్టు.”

తాత చెప్పింది నిజం. నారికురుపుకు మందు లేదు, టీకా లేదు. దిగుడుబావుల్ని మార్చి, గుడ్డతో నీళ్లు వడకట్టడం ఇంటింటికీ నేర్పి ఆ జబ్బును తరిమేశారు. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఒకప్పుడు ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఇంటి ఆడవాళ్ల చేతిలోని గుడ్డ ముక్క అంత పని చేసింది.

ఆ సాయంత్రమే డ్రైవరు తండాకు నడిచి వెళ్లాడు. బండి మీద పోవడానికి మనసొప్పలేదు. కుర్రాడు ఇంటి ముందు గొడ్డుకు మేత వేస్తున్నాడు. వాళ్లమ్మ డ్రైవరును చూసి లోపలికి పోయింది.

“తమ్మీ, నిన్ను దొంగ అనుకున్న. నోటితో అనలేదు కానీ అంతకంటే పెద్ద తప్పు చేసిన. నువ్వు చెప్పిన గొట్టమే. నువ్వు చెప్పిన రోజే చూసి ఉంటే ఇంత జరిగేది కాదు. నీకు మనసుంటే రా. రాకున్నా, ఈ మాట మీ అమ్మ ముందర, తండా ముందర చెప్పి పోదామని వచ్చిన.”

కుర్రాడు వెంటనే బదులు చెప్పలేదు. చేతిలోని గడ్డి గొడ్డు ముందు పరిచి, చేతులు దులుపుకొని అన్నాడు: “గొట్టానికి ఏం కట్టావన్నా?”

“వేపపుల్ల.”

“అయ్యో” అన్నాడు కుర్రాడు. ఆ ఒక్క మాటతో ఇద్దరి మధ్య సగం దూరం తరిగింది. లోపలి నుంచి వాళ్లమ్మ రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి పెట్టింది.

ఇద్దరూ కలిసి పంపు మేస్త్రి దగ్గరికి వెళ్లారు. డీజిల్ పంపులు, నాజిళ్లు తప్ప ఇంకో లోకం తెలియని మనిషి. అతను ముందు ఒక పాత పంపు ప్లంజరు తీసి చూపించాడు. వేలెడంత ఉక్కు కడ్డీ, దాని మీద వెంట్రుకల్లా గీతలు.

“ఈ కడ్డీకి, దాని గూడుకు మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. వెంట్రుకలో ఇరవయ్యో వంతు ఇసుక రేణువు చాలు, ఇది గీసుకుపోవడానికి. నీ గరాటు గుడ్డ అంత సన్నటిదాన్ని ఆపలేదు. పైగా నీ దుమ్ము గరాటు దారిన రాలేదు.”

కుర్రాడు ఆటోల పెట్రోలు పైపు మధ్యలో పెట్టేలాంటి చిన్న ఫిల్టరు అడిగాడు. తెల్లటి ప్లాస్టిక్ గూడు, లోపల మడతల కాగితం. మేస్త్రి తల ఊపి, పెట్టే తీరు చెప్పాడు.

“టాంకీ పక్కనే పెట్టొద్దు. గతుకుల్లో డీజిల్ ఎగిరి బ్రీదర్‌లోకి చిమ్ముతుంది. కాగితం డీజిల్‌తో తడిస్తే గాలి ఆడదు, మళ్లీ వేపపుల్ల కథే. పైపును క్యాబిన్ వెనక నుంచి మనిషి ఎత్తుకు లేపు. అక్కడ దుమ్మూ తక్కువే. పైన ఫిల్టరు పెట్టి, దాని మీద పైపు ముక్క తొడిగి వాన పడకుండా నోరు కిందికి వంచు. గూడు మీద బాణం గుర్తు ఉంది చూడు, అది టాంకీ వైపు తిరిగి ఉండాలి, గాలి పోయేది అటే గనక. పైపు మధ్యలో ఎక్కడా పల్లం రానియ్యకు, పల్లంలో డీజిల్ నిలిచి గాలికి అడ్డం పడుతుంది. డీజిల్ పైపే వాడు, మామూలు పైపు మెత్తబడి నొక్కుకుపోతుంది.”

“ఇంత చిన్న ఫిల్టరు సరిపోతుందా?” అడిగాడు డ్రైవరు.

“లోడు మీద గంటకు పది పదిహేను లీటర్లు తాగుతుంది నీ బండి. అంటే నిమిషానికి పావు లీటరు గాలి. పసిపిల్ల ఊపిరంత కూడా కాదు. బంకులో కొట్టించేటప్పుడు గాలి ఒక్కసారిగా బయటికి పోవాలి, కానీ అప్పుడు మూత తెరిచే ఉంటుంది. ఇంకో మాట, మూతకు వాషరు వేసి మంచి పని చేశావు. వాషరు లేకపోతే గాలి ఫిల్టరు దాకా ఎందుకు పోతుంది? సులువైన దారే చూసుకుంటుంది. అయితే ట్యూబు రబ్బరు డీజిల్‌లో ఉబ్బిపోతుంది. డీజిల్‌కు తట్టుకునే వాషరు ఇస్తాను, అది వెయ్యి.”

బండి బయటికి తీస్తుంటే మేస్త్రి మళ్లీ పిలిచాడు.

“పెట్రోలు బండ్లకు ఈ పని చెయ్యమని ఎవరైనా అడిగితే చెయ్యకండి. వాటి ఆవిరి దారి వేరు, దాన్ని కెలకకూడదు. మీకు ఇంకో సంగతి చెప్పాలి. బండి నడిస్తేనే టాంకీ ఊపిరి తీస్తుందనుకోవద్దు. పగలు నలభై ఐదు డిగ్రీలకు కాగి, రాత్రి ఇరవై ఐదుకు చల్లబడితే, సగం ఖాళీ టాంకీలో ఉన్న వంద లీటర్ల గాలి ఆరు లీటర్లు ముడుచుకుపోతుంది. ఆ ఆరు లీటర్ల చోటులోకి బయటి చెమ్మగాలి వస్తుంది. చెమ్మను ఏ కాగితమూ ఆపలేదు. అది లోపల నీరై అడుగుకు దిగుతుంది. అందుకే రాత్రి నిలబెట్టే ముందు టాంకీ నింపి నిలబెట్టండి. నిండుగా ఉన్నదానిలోకి రాత్రి పెద్దగా ఏదీ రాదు.”

ఫిల్టరు పెట్టారు. కుర్రాడే పెట్టాడు. డ్రైవరు పైపు పట్టుకుని నిలబడ్డాడు.

రెండు వారాలు గడిచాయి, నెల గడిచింది. బండి ఆగలేదు. చలికాలం ముందర టాంకీ కడిగితే అడుగున చెంచాడు మట్టి కూడా రాలేదు. ప్లాస్టిక్ గూడులోని తెల్ల కాగితం మాత్రం ముందు గోధుమ రంగుకు, తర్వాత ఇటుక రంగుకు తిరిగింది. కుర్రాడు ప్రతి ఆదివారం దాన్ని వెలుగుకు పెట్టి చూసేవాడు.

మిర్చి కాలం వచ్చింది. రోజుకో ట్రిప్పు, నిద్ర లేని రాత్రులు. మూడు ఆదివారాలు ఎవరూ చూడలేదు. ఒక పొద్దున ఖమ్మం దారిలో ఇంజను మళ్లీ ఎక్కిళ్లు పెట్టింది. డ్రైవరు ముఖం తెల్లబోయింది. కుర్రాడు దిగి టాంకీ మూత తిప్పాడు. మళ్లీ అదే బుస.

“భయం లేదన్నా. ఫిల్టరు నిండింది.”

డబ్బాలోంచి కొత్తది తీసి రెండు క్లిప్పులు బిగించాడు. ఐదు నిమిషాల పని. డ్రైవరు పాతదాన్ని పొలం గట్టు మీదికి విసరబోయి, ఎందుకో ఆగి, జేబులో వేసుకున్నాడు. సాయంత్రం తాతకు చూపించాడు.

తాత దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. “ఇది మీ పంపు బదులు దుమ్ము తిన్నది బిడ్డా. తినీ తినీ దాని కడుపు నిండింది. అందుకని దాన్ని తిట్టొద్దు.”

కాసేపు దగ్గి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. “బాయిల గాలి ఒక దారిన వస్తది, ఇంకో దారిన పోతది. ఆ గాలి ఆగితే దీపం ఆరుతది, మనిషి కూలుతడు. అందుకే బాయికి రెండు దారులు. గాలికి కొదవ లేకుండె. ముక్కుకు తువ్వాలు చుట్టుకోండిరా అని మా మేస్త్రి రోజూ మొత్తుకునేటోడు. ఉక్కపోస్తాందని నేను తీసి నడుముకు కట్టుకునేటోణ్ని. వయసుల ఉన్న, ఏమైతదిలే అనుకున్న. ఆ తువ్వాలు ఆపాల్సిన దుమ్మును నా ఊపిరితిత్తులు ఆపినయి. నీ ఫిల్టరు నిండితే కొత్తది దొరికింది. నాకు దొరకదు.”

డ్రైవరు ఏమీ అనలేకపోయాడు. కుర్రాడు మాత్రం తన మెడలోని తువ్వాలును ముక్కు మీదికి లాక్కుని, గట్టిగా ముడి వేసుకున్నాడు. తాత ఆ ముడిని చూసి మొదటిసారి నవ్వాడు.

నీతి

మనం లోపలికి పోసేదాన్ని జాగ్రత్తగా చూసుకుంటాం. ఏం తింటున్నాం, ఏం చదువుతున్నాం, పిల్లలకు ఏం నేర్పుతున్నాం అని. ఆ డ్రైవరు గరాటుకు గుడ్డ కట్టినట్టే. కానీ టాంకీ నిండేటప్పుడు చెడలేదు. ఖాళీ అవుతున్నప్పుడు చెడింది. ఇచ్చిన ప్రతి లీటరుకూ బదులు ఏదో ఒకటి లోపలికి చేరుతూనే ఉంది. ఆ దారిని ఎవరూ చూడలేదు.

మనిషీ అంతే. పగలంతా ఒళ్లు వంచి, ఓపిక ఖర్చుపెట్టి, సాయంత్రానికి ఖాళీ అయి ఇల్లు చేరతాడు. ఆ ఖాళీ ఊరికే ఉండదు. గ్లాసు వస్తుంది, పగ వస్తుంది, పక్కవాడి గుసగుస వస్తుంది. పొద్దున నవ్వి కొట్టిపారేసే మాట సాయంత్రం గుండెలో కూర్చుంటుంది. అలసిన పూట ఎవరి మీదా తీర్పు చెప్పకు. రాత్రి నిలబెట్టే ముందు టాంకీ నింపుకున్నట్టు, పడుకునే ముందు పిల్లల మాటతోనో, నమ్మిన మనిషి నవ్వుతోనో నిన్ను నువ్వు నింపుకో.

దుమ్ముకు భయపడి తలుపులన్నీ మూసుకోకు. ఎవరి మాటా విననివాడు కొంతదూరం హాయిగానే పోతాడు, నిండుగా లోడు ఉన్న చోట, చీకట్లో, ఒంటరిగా ఆగిపోతాడు. వినాలి, వడకట్టి వినాలి. వచ్చిన మాట రంగేమిటో అరచేతిలో వేసుకొని నలిపి చూడాలి. ఎవరి గురించి ఆ మాట వచ్చిందో వాళ్లనే ఒకసారి అడగాలి. ఆ డ్రైవరు ఈ రెండు పనులూ చేసి ఉంటే, కుర్రాడు ఒక్క రోజు కూడా పని పోగొట్టుకునేవాడు కాదు.

మరొక మాట. ప్రతి ఇంట్లో, ప్రతి ఊళ్లో మన బదులు దుమ్ము తినేవాళ్లు ఉంటారు. తెల్లవారుజామున రోడ్డు ఊడ్చే మనిషి. ఇంటిల్లిపాది చిరాకునూ తనలో ఆపుకునే అమ్మ. మన తప్పును ముఖం మీద చెప్పి, మన కోపాన్ని భరించే స్నేహితుడు. వాళ్లు ఆపిన దుమ్మంతా వాళ్లలోనే ఉంటుంది. ఒకరోజు వాళ్లు ఊపిరాడక ఉక్కిరిబిక్కిరైతే, చెడిపోయారని విసరకండి. వెలుగుకు పెట్టి చూడండి. వాళ్లకు విశ్రాంతి, ముక్కుకు తువ్వాలు, చేతికి సాయం ఇవ్వండి. అమ్మకు బదులు ఏ కొట్టులోనూ దొరకదు.

ఇచ్చే పాత్ర ఊపిరి తీయక తప్పదు. ఆ ఊపిరిని వడకట్టడం, ఆ వడపోతను కనిపెట్టుకుని ఉండడం పాత్ర పెట్టుకున్నవాడి పని.